పాత తుపాకి పరీక్ష

తుపాకి పాతదైనకొలది దాని మహిమ యధికమని మన పల్లెలలో ననేకులు తలంచుచుందురు. నిరుడు మా విద్యార్థి యొకని తండ్రి తన తాతగారి జంటగొట్టముల తుపాకిని, లైసెన్సుతోగూడ, మాకు జూపి, “అయ్యవారూ, అమ్మాయి పెండ్లిలో దీనిని పేల్చవచ్చునా?” యని యడిగెను. మూతినుండి మందు కూరెడు రకమది.

మేము మూతిలోనికి తొంగిచూడలేదు. దానిని జనులులేని వైపునకు ద్రిప్పి, కొయ్యకడ్డీని లోనికి విడిచి, మూతికడ గుర్తుపెట్టితిమి. కడ్డీని వెలుపల నానించి చూడగా, ఎడమగొట్టమున నది యడుగునకు నాలుగంగుళములు తక్కువగా నిలిచినట్లు తేలెను. ఎవరో యెన్నడో కూరిన మందును సీసపు గుండ్లును లోపలనే యున్నవి! నల్లమందు పొడిగానున్నచో నేండ్లు గడచినను శక్తి గోల్పోదు. ఆ యింటి పిల్లలు దానితో నెన్నిమారు లాడుకొనిరో! తుపాకుల పనివానిచే దానిని దీయించితిమి.

గొట్టములు ఇనుము, ఉక్కు పట్టీలను మెలివేసి, కాల్చి యతికిన డమాస్కసు రకము. పైకి నీటియలలవలె నందముగా నుండును. కాని నల్లమందు మసి చెమ్మను బీల్చి యతుకులను లోలోపల దినివేయును. బర్మింగుహాము పరీక్షాముద్ర యున్నదిగదా యని యాయన వాదించెను. 1813లో నేర్పడిన యా పరీక్షాలయపు ముద్ర నాటి బలమునకే సాక్ష్యము. దూరమున గట్టి త్రాటితో బేల్చిచూతమనెను. ఒకసారి పగులకున్న, రెండవసారికి పూచీ యెవరు? ఇక 1884లో ఫ్రాన్సున వియే కనిపెట్టిన పొగలేని మందు జాతిది వేసినచో, నొత్తిడి మితిమీరి చేయియే పోవచ్చును.

పనివాడు లోపలికి దీపము పట్టి, అడుగుకడ నతుకుల వెంబడి గుంటలు చూపిన పిదపగాని యాయన యొప్పుకొనలేదు.