ఇల్లాలి పేరు

బస్సులో కిటికీ పక్క సీటు దొరికితే నాకు వేరే కాలక్షేపం అక్కర్లేదు. దుకాణాల బోర్డులు చదువుకుంటూ కూర్చుంటాను. జగిత్యాల నుంచి కోరుట్ల దాకా, అటు వేములవాడ మీదుగా సిరిసిల్ల దాకా ఎన్ని పేర్లో! దేవుళ్ళవి ఉంటాయి, తండ్రులవి ఉంటాయి, ముద్దుల కూతుళ్ళవీ ఉంటాయి. భార్య పేరు మాత్రం వెతికినా కనబడటం కష్టం. కనబడినా అది పన్ను లెక్కల కోసమేనని మావారి అభిప్రాయం.

అందుకే అమెరికాలో ఒకాయన తన కంపెనీకి భార్య పేరు పెట్టాడని చదివినప్పుడు పొయ్యి తగ్గించి వచ్చి మళ్ళీ మొదటినుంచి చదివాను. ఆయన వినోద్ భరద్వాజ్. లారీ బ్లెయిర్ అనే ఆయనతో కలిసి 1980లలో కాలిఫోర్నియాలో పెట్టిన ఆ కంపెనీ పేరు 'కల్పన'. కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే ఈథర్‌నెట్ పద్ధతిని బాగుచేయడం దాని పని.

ఈథర్‌నెట్ 1973లో జెరాక్స్ వారి పరిశోధనశాలలో పుట్టింది. మొదట్లో దాని కాపురం మన ఉమ్మడి కుటుంబం లాంటిదే. ఉన్నది ఒకే తీగ. ఒకరు మాట్లాడితే ఇల్లంతా వింటుంది. ఇద్దరు ఒకేసారి నోరు విప్పితే రెండు మాటలూ ఢీకొని పాడవుతాయి. ఇద్దరూ కాసేపు ఊరుకుని మళ్ళీ మొదలుపెట్టాలి. నలుగురైతే ఫరవాలేదు, నలభైమంది చేరితే పెళ్ళివారిల్లే!

కల్పనవారు పాతదంతా పారేయమనలేదు. కంప్యూటర్లు మార్చమనలేదు. మధ్యలో ఏడు ద్వారాల పెట్టె ఒకటి పెట్టారు. 1990 ప్రాంతంలో వచ్చిన ఆ పెట్టె, మాట ఎవరికో చిరునామా చూసి ఆ ద్వారంలోకే పంపుతుంది. ఒకే సమయంలో ఎవరి కబుర్లు వారివి, పక్కవారి చెవిన పడవు. దాన్నే ఇప్పుడు స్విచ్ అంటున్నారు.

ఇది చెబితే కోరుట్లలో మా అక్కకు ఠక్కున అర్థమైంది. బావ దుబాయిలో ఉన్న రోజుల్లో వాడకట్టుకంతా ఒకటే ఫోను. పరుగెత్తి వెళ్ళి, పదిమంది ముందు నిలబడి, "మంచిగున్నం, పైలం" అని పెట్టెయ్యడమే.

"మనసుల మాట ఒక్కనాడన్న చెప్పుకున్ననా చెల్లె! గసుంటి పెట్టె మాకప్పుడుంటే ఎంత బాగుండు" అంది.

1994లో సిస్కో అనే పెద్ద కంపెనీ కల్పనను కొనేసింది. పెట్టె వంశం బ్యాంకులకూ ఆసుపత్రులకూ పాకింది. ఇల్లాలి పేరు మాత్రం బోర్డు దిగిపోయింది.

ఇక మన సంగతి. సిరిసిల్లలో ఆయన మరమగ్గం నడిపితే ఆవిడ కండెలు చుడుతుంది. కండె లేనిదే మగ్గం ఆడదు. కోరుట్ల, జగిత్యాలల్లో బీడీలు చుట్టిన డబ్బులు పిల్లల ఫీజులకూ, గల్ఫ్ అప్పుల మిత్తికీ పోతాయి. ఇన్ని ఇళ్ళకు పెట్టుబడి ఆడవాళ్ళ వేళ్ళే కదండీ!

మా అక్క కొడుకు ఆ బీడీల డబ్బుతోనే ఇంజనీరింగు చదివాడు. ఇప్పుడు సొంతంగా స్టార్టప్ పెడతాడట. కల్పన కథ విని వాడికి ఉత్సాహం పొంగుకొచ్చింది. "అమ్మా, నీ పేరే పెడత" అన్నాడు.

అక్క చేతిలోని తునికాకు కత్తిరించడం ఆపలేదు.

"పేరుదేముంది బిడ్డా, రేపు ఎవడన్న కొంటే మారుస్తడు. కాగితంల నా వాటా రాయి."