మూడు మిల్లీమీటర్ల తేడా

పిల్లలూ! చిక్కడపల్లిలో మా మేడమీద ఒక పెద్ద బల్ల ఉన్నది. సాయంత్రాలు అశోక్‌నగర్, నారాయణగూడ పిల్లలు వచ్చి దానిమీద బొమ్మరైలు దారి వేస్తూంటారు. ఇది కీ ఇచ్చి వదిలే బొమ్మ కాదు. అసలు రైలులోని ప్రతి కొలతనూ 87తో భాగించి చేసే నమూనా. దీన్ని హెచ్.ఓ. అంటారు.

ఈ నమూనాలకు దుకాణంలో దొరికే పట్టాల మధ్య ఎడం 16.5 మిల్లీమీటర్లు. దాన్ని 87తో గుణించి చూడండి. దాదాపు 1435 వస్తుంది. మన హైదరాబాదు మెట్రో గేజి అదే! 2020 ఫిబ్రవరి 7న ప్రారంభమై, చిక్కడపల్లి, నారాయణగూడల మీదుగా నడుస్తున్న మెట్రోకు ఆ పట్టాలు చక్కగా సరిపోతాయి.

కాని 1916లో కట్టిన కాచిగూడ స్టేషనుకు వచ్చే రైళ్ళ సంగతి వేరు. వాటిది బ్రాడ్ గేజి, 1676 మిల్లీమీటర్లు. 87తో భాగిస్తే 19.3 వస్తుంది. దుకాణం పట్టాలు దాదాపు 3 మిల్లీమీటర్లు ఇరుకన్నమాట.

"మూడు మిల్లీమీటర్లు ఎవరికి కనిపిస్తాయి, మాస్టారూ?" అని ఒక అబ్బాయి అడిగాడు.

"మూడును 87తో గుణించు" అన్నాను.

"261! అసలు పట్టాలు పావు మీటరు దగ్గరికి జరిగినట్టే!" అని వాడే ఆశ్చర్యపోయాడు.

అప్పటినుంచీ పట్టాలు మేమే వేసుకుంటున్నాము. అసలు స్లీపరు పొడవు 2.75 మీటర్లు గనుక వెదురు పుల్లలను సుమారు 32 మిల్లీమీటర్లకు కోస్తాము. 19.3 మిల్లీమీటర్ల వెడల్పుగల రేకుముక్కను పట్టాల నడుమ పెట్టి, అడుగడుగునా సరిచూస్తాము. ఎడం తగ్గితే చక్రం పట్టా ఎక్కుతుంది. పెరిగితే లోపలికి జారుతుంది. బండ్లకు కూడా పొడవైన ఇరుసులు వేయాలి.

కంకర రాయి 5 సెంటీమీటర్లుంటే, నమూనాలో అర మిల్లీమీటరు పైచిలుకు. అందుకు జల్లించిన సన్నని ఇసుక చాలు. దానిమీద వట్టి బంకనీళ్ళు పోస్తే చుక్క ముత్యంలా నిలిచి, ఇసుకను పక్కకు నెడుతుంది. ఒక బొట్టు సబ్బునీరు కలపండి. తలతన్యత తగ్గి, బంక రేణువుల మధ్యకు ఇంకుతుంది.

నా చిన్నతనంలో కాచిగూడకు మీటరు గేజి రైళ్ళు వచ్చేవి. ఇప్పుడవి లేవు. ఆ దారి తానే వేస్తానని ఆ అబ్బాయి ఈమధ్య పూనుకున్నాడు. 1000ని 87తో భాగించి, 11.5 అని బల్లమీద రాసుకున్నాడు. బ్రాడ్ గేజి కొలత తప్పితే, నేడున్న రైలును చూసి దిద్దుకోవచ్చు. పోయిన రైలు కొలత తప్పితే, చూడనివారికి ఆ తప్పే నిజమై కూర్చుంటుంది. అందుకే వాడిప్పుడు ప్రతి కొలతా రెండుసార్లు చూస్తున్నాడు.

మీరూ మొదలుపెట్టండి. కొలతల కోసం పట్టాలమీదికి మాత్రం వెళ్ళకండి. ప్లాట్‌ఫారంమీద పెద్దల పక్కన నిలబడి చూడండి. ముందుగా ఈ లెక్క చేయండి: మీ వీధిలో వేపచెట్టు 12 మీటర్ల ఎత్తుంటే, నమూనాలో ఎంత ఉండాలి?