గోడాదరాలో వాము పొగ

ఉద్యోగరీత్యా హజీరాకు వెళ్ళినప్పుడు, పని ముగించుకొని సూరత్ నగరపు ఆగ్నేయ దిక్కున ఉన్న గోడాదరాకు వెళ్ళాను. లింబాయత్, పర్వత్ పాటియాలకు చేరువలోని ఈ పేటలో మరమగ్గాలనూ, బట్టల వ్యాపారాన్నీ నమ్ముకొని తెలంగాణ నుండి వలస వచ్చిన కుటుంబాలు అనేకం కలవు. వీధిలో తెలుగు మాట చెవిన పడగానే పరాయి ఊరన్న భావన తొలగిపోయింది.

మా పెదనాన్నగారి కుమారుని ఇంటి గుమ్మం దాటగానే ఘాటైన వాసన. వదిన నిప్పులమీద వాము చల్లి, దగ్గుతున్న మనుమనికి పొగ వేస్తున్నది. "ప్లేగు వచ్చినప్పుడు గిదే మమ్ముల కాపాడింది" అన్నది.

1994లో తాపీ వరదనీరు తీసిన పిమ్మట, సెప్టెంబరులో ఇక్కడ ఊపిరితిత్తుల ప్లేగు చెలరేగింది. లక్షలాది జనం ఊరు విడిచారు. ఆ భయంలో పుట్టిన నమ్మకాన్ని తేలికగా కొట్టివేయలేము. కాని పిల్లవాడు ఊపిరి తీసినప్పుడల్లా పక్కటెముకల నడుమ చర్మం లోపలికి లాగుకొనిపోతున్నది. వెంటనే ఆసుపత్రికి తీసుకొనిపోయాము. న్యుమోనియా అన్నారు.

ఆ రాత్రి వరండాలో వదిన అడిగింది: "మరి గిన్నేండ్లు నమ్మింది అబద్ధమేనా?"

అబద్ధం కాదు. వాము నూనెలో థైమాల్, లవంగ నూనెలో యూజెనాల్, నిమ్మగడ్డి నూనెలో సిట్రాల్ ప్రధానమైనవి. ఇవి కొవ్వులో కరిగే గుణం కలిగి, బాక్టీరియా కణపు పొరలోనికి చొరబడి దానిని సడలిస్తాయి. లోపలి పొటాషియం అయాన్లు బయటికి కారిపోతాయి. బాయిలరు గొట్టానికి చిల్లిపడితే పీడనం నిలువనట్లే, కణం నిలువదు. దంతవైద్యులు వాడే జింక్ ఆక్సైడు సిమెంటులో యూజెనాల్ నేటికీ ఉన్నది.

అయితే, ప్రయోగశాల పళ్ళెంలో నూనె సూక్ష్మజీవిని నేరుగా తాకుతుంది, మోతాదు తెలిసి ఉంటుంది. పొగలో ఆ మోతాదుకు లెక్క లేదు. పైగా పొగ ఊపిరితిత్తులను రేపుతుంది. అదిగాక, ప్లేగు క్రిమి వంటి గ్రామ్-నెగెటివ్ జాతులకు పైన మరొక పొర కవచంగా ఉండి, ఈ నూనెలను కొంతవరకు అడ్డగిస్తుంది. ప్లేగు రోగులను బ్రతికించినవి స్ట్రెప్టోమైసిన్, టెట్రాసైక్లిన్ వంటి మందులు. అటుపిమ్మట నగరానికి ఆరోగ్యం తెచ్చినది, 1995లో మునిసిపల్ కమిషనరుగా వచ్చిన సూర్యదేవర రామచంద్రరావుగారు పట్టుదలతో సాగించిన పారిశుద్ధ్యం.

మూడవనాడు పిల్లవాడు అన్నం అడిగాడు. నేను బయలుదేరేవేళ వదిన నా సంచిలో చిన్న పొట్లం పెట్టింది. "వాము. పొగకు గాదు, అన్నం అరుగనీకి" అన్నది నవ్వుతూ.