నగర పోలీసుల బంతి

మేము అమీర్‌పేటలో కాపురముండబట్టి ఇరువది యేండ్లు కావచ్చినది. ఇచ్చట “కోచింగు” అను మాట లేని గోడ లేదు. మైత్రీవనము చుట్టునుగల మేడలకు అంతస్తునకొక పలక. ఏ విద్య నేర్చిన ఏ యుద్యోగము దొరకునో ఆ పలకలే చెప్పుచుండును. పదునాలుగేండ్ల వయస్సున మా పిల్లవాడు సాయంకాలము బంతి యాడుకొనుటకు పంపుమని యడిగినప్పుడు, “చదువుకొను పిల్లలు చేయు పనియేనా యది?” అని గద్దించినదానను నేనే. వానిని గణితపు శిక్షణలో చేర్పించితిని. బంతి అటక యెక్కినది.

2024లో “మైదాన్” అను హిందీ చిత్రము వచ్చినది. దానిని చూచివచ్చి వాడు, “అమ్మా, అందులోని కోచి మన యూరివాడే, బడిపంతులట! నీకు తెలియదా?” అని యడిగెను. నాకు తెలియదు. సిగ్గుపడి చదువ నారంభించితిని.

సయ్యద్ అబ్దుల్ రహీమ్ గారు 1909లో జన్మించిరి. ఉపాధ్యాయులు. 1943లో హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘమునకు కార్యదర్శియైరి. 1950 నుండి నగర పోలీసు జట్టునకు శిక్షకులైరి. ఆ జట్టు 1950 మొదలు 1954 వరకు వరుసగా అయిదుమారులు బొంబాయి రోవర్సు కప్పును గెలిచినది. 1950లోనే డ్యూరండు కప్పు తుదిపోటీలో కలకత్తా మోహన్ బగానును ఓడించినది.

ఇంగ్లండున కోరింథియన్ అను ఔత్సాహికుల సంఘ మొకటి యుండెడిది. 1882లో పుట్టి, 1939లో వేరొక సంఘముతో కలిసిపోయి, ఆ పేరు మారినది. వారు పెనాల్టీ దొరికినను కావలెనని బంతిని బయటికి తన్నెడివారని ప్రతీతి. ఎదుటివాడు బుద్ధిపూర్వకముగా తప్పుచేయునని యెంచుటయే వారికి నామర్దా. ఆ కథ నాకు మొదట మిక్కిలి రుచించినది, పిదప ఆలోచించితిని. వారు గొప్ప పాఠశాలలలో, విశ్వవిద్యాలయములలో చదివిన దొరబిడ్డలు. రేపటి కూటి చింత లేనివాడు ఆటకు కూలి యక్కరలేదనుట యేమంత కష్టము? మన పోలీసు జట్టువారికి ఆట వెనుక ఆస్తి లేదు, నెల జీతపు కొలువున్నది. నా కంటికి ఈ ఔత్సాహికతయే గొప్పదిగా దోచినది.

రహీమ్ గారి శిక్షణలో విడ్డూరములు కలవు. ఒకడే బంతిని తోలుకొనిపోరాదు, వెంటనే తోడివాని కందింపవలెను అను నియమముతో పోటీలు పెట్టించెడివారట. కుడికాలి వాటము గలవారు ఎడమకాలితోనే తన్నవలెనని మరికొన్ని పోటీలు. చేతకాని కాలికి పని చెప్పుట పంతులుకే తోచగల యూహ! సికింద్రాబాదు వైపు అమ్ముగూడలోని పేదబాలుడు తులసీదాస్ బలరామ్ సాధనకు రాలేకపోగా, అద్దె సైకిలుకు డబ్బులు తామే యిచ్చి రప్పించుకొనిరి. ఆ బాలుడు 1960లో రోము ఒలింపిక్సులో హంగేరీపై గోలు కొట్టెను.

నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, లాయక్, బలరామ్ — ఈ పేర్లు మన తెలుగు లోగిళ్లలో ఏల వినబడలేదు? ఒకే ఊరి నీళ్లు త్రాగితిమి. వారు మాటలాడినది ఉర్దూ, కొందరిండ్లలో అరవము. వీధి వేరు, మతము వేరు, జీతము తక్కువ. మా నాయనగారికి విదేశీ క్రికెట్ ఆటగాండ్ర లెక్కలన్నియు కంఠస్థమే. సంస్కారులమని చెప్పుకొను మా యింట, ప్రక్క పేటవాని కీర్తి గడప దాటి లోనికి రాలేదు.

రహీమ్ గారు 1956లో భారత జట్టును మెల్‌బోర్ను ఒలింపిక్సులో నాలుగవ స్థానమునకు చేర్చిరి. 1962లో జకార్తాలో దక్షిణ కొరియాను 2-1తో గెలిచి ఆసియా క్రీడల స్వర్ణము తెచ్చిరి. అప్పటికే క్యాన్సరు వారిని తినివేయుచుండెను. 1963 జూన్ 11న మరణించిరి. 1965-66లో ఆంధ్రప్రదేశ్ జట్టు సంతోష్ ట్రోఫీ గెలుచుట ఆ వెలుగు చివర. పోలీసుల జట్టు పేరు పెద్ద పోటీలనుండి మెల్లగా జారిపోయినది; రోవర్సు కప్పే ఈ శతాబ్దారంభమున ఆగిపోయినది. 2019లో ధనికుల పెట్టుబడితో హైదరాబాద్ ఎఫ్‌సీ అను క్లబ్బు పుట్టి, 2022లో ఐఎస్ఎల్ గెలిచి, 2025లో ఢిల్లీకి తరలిపోయినది. పంతులుగారి జట్టు ఎక్కడికిని తరలలేదు. దాని స్థానమున మరియొకటి పుట్టకపోవుటయే జరిగినది.

ఒక ఆదివారము పిల్లల నిద్దరిని వెంటబెట్టుకొని మెట్రో యెక్కితిని. అమీర్‌పేట నుండి అయిదవ స్టేషను అసెంబ్లీ. అచ్చటినుండి లాల్ బహదూర్ స్టేడియము, అనగా నాటి ఫతే మైదానము, నడిచిపోవచ్చును. పెద్దవాడిప్పుడు ఇంజనీరింగు విద్యార్థి. గోడ వెంబడి నడచుచు ఏమియు మాటలాడలేదు. పదేండ్ల చిన్నది మాత్రము, “ఆడపిల్లలకును పోటీలు పెట్టిరా అమ్మా, ఆ పంతులుగారు?” అని యడిగెను. నాకు తెలిసినంతలో చదివినది చెప్పితిని. ఆడపిల్లల మాట అందెక్కడను లేదు.

ఇంటికి వచ్చినంతనే అన్న అటక యెక్కి బంతి దింపెను. గాలి పోయియున్నది. సైకిలు పంపుతో నింపి, ఇరుకైన మా సందులో నిలిచి, “ఎడమకాలితోనే తన్నవలె” నని చెల్లెలికి నియమము పెట్టెను. అది తన్నిన మొదటి బంతి పొరుగువారి కారు తలుపునకు తగిలినది. నేను బాల్కనీలో నుంటిని. ఈసారి కేక వేయలేదు.