చింతగింజలూ మూలబిందువూ

మా చిన్నది పదో తరగతి. మొన్న లెక్కల టెస్ట్ పేపరు నాకు చూపించకుండా బ్యాగు అడుక్కి తోసేసింది. లంచ్ బాక్సు కోసం వెతుకుతుంటే నా చేతికే దొరికింది. నిరూపక జ్యామితి. (7, 1), (5, 5) బిందువుల్లో మూలబిందువుకి ఏది ఎక్కువ దూరం, కారణం రాయమన్నారు. "(5, 5). ఎందుకంటే 7+1=8, 5+5=10" అని రాసింది. పక్కన ఎర్ర ఇంకుతో ఇంటూ మార్కు.

"ఎందుకు తప్పయిందే?" అన్నాను.

"నీకు తెలీదులే అమ్మా, నువ్వు తెలుగు బీఏ కదా" అంది. కోపంగా కూడా కాదు, మామూలుగా అంది. అందుకే ఎక్కువ గుచ్చుకుంది. నేను లెక్కలంటే భయంతోనే ఇంటర్‌లో ఆర్ట్స్ తీసుకున్నానండీ. సాహిత్యం మీద ప్రేమతో అని అందరికీ చెప్పుకుంటూ వచ్చాను. (ప్రేమా ఉందనుకోండి.)

ఆ రాత్రి గిన్నెలు సర్దేశాక దాని పుస్తకం తీశాను. మూలబిందువు నుంచి దూరం కావాలంటే రెండు నిరూపకాలనీ వర్గం చేసి, కలిపి, వర్గమూలం తియ్యాలట. సరే, మరి ఊరికే కలిపేస్తే తప్పేమిటి? నా చదువు రోజుల్లో ఇలా అడగడానికి భయపడే అన్నీ బట్టీ పట్టేశాను.

మర్నాడు హాలు ఊడుస్తుంటే తట్టింది. మావి అడుగు టైల్స్. నాలుగు టైల్స్ కలిసే చోటు మూలబిందువు అనుకుని, కుడికి ఏడు, పైకి ఒకటి లెక్కపెట్టి ఒక చింతగింజ పెట్టాను. అయిదు, అయిదు లెక్కపెట్టి ఇంకోటి. టైల్స్ గీతల వెంట చీమలా వెళ్తే మొదటిదానికి ఎనిమిది అడుగులు, రెండోదానికి పది. మా చిన్నది లెక్కేసింది ఈ దూరాన్నే! సందులు తిరిగి పాలకి వెళ్ళే మనిషికి ఆ లెక్కే సరి. ప్రశ్నలో అడిగింది మాత్రం ఐమూలగా, తిన్నగా పోయే దూరం.

సాయంత్రం దాన్ని కూర్చోబెట్టి, పూలు కట్టే దారం ఒక కొస మూలబిందువు దగ్గర నొక్కిపట్టమన్నాను. రెండో కొస మొదటి గింజ దాకా లాగి, బిగువు సడలకుండా తిప్పుకుంటూ వస్తే సరిగ్గా రెండో గింజ మీదికి వచ్చింది. ఏడడుగుల మీద అంగుళంలోపు, అంతే.

"ఏడు ఒక భుజం, ఒకటి ఇంకో భుజం, దారం కర్ణం" అన్నాను. 49+1 యాభై. 25+25 యాభై. ఏది ఎక్కువో తేల్చడానికి వర్గమూలం దాకా పోనక్కర్లేదు.

కాసేపు మాట్లాడలేదు. తర్వాత "అయితే (1, 7) కూడా అంతే కదమ్మా" అని లేచింది. మైనస్ వైపు సోఫా అడ్డొస్తే నాన్నగారిని లేపి మరీ జరిపించింది. వర్గం చేస్తే మైనస్ పోతుంది కాబట్టి, ఒకే వృత్తం మీద మొత్తం పన్నెండు గింజలు తేలాయి. గడియారంలో అంకెల్లా పన్నెండే గానీ, ఎడం మాత్రం సమానంగా లేదు.

"ఇప్పుడు చెప్తే మార్కులు వేస్తారా?"

"వెయ్యరు."

మూతి ముడుచుకుని, "సరే, (-4, 7), (8, -1). ఏది దూరమో నువ్వు చెప్పు" అంది. కాగితం మీద వేశాను. రెండింటికీ 65 వచ్చింది. సరి చూసుకునేలోగా కుక్కర్ ఎన్ని విజిల్స్ వేసిందో ఎవరం లెక్కపెట్టలేదు.