చేతిలో సరకు లేని వర్తకము

మధ్యాహ్నపు పనులు ముగిసిన పిమ్మట ఫోను చేతబట్టుకొని చీరల ఛాయాపటములను బంధువులకును, ఇరుగుపొరుగువారికిని పంపుచుండు ఇల్లాండ్రు నేడు వీథికి నలుగురైన గలరు. ఆ చీరలు వారి యింట నుండవు. వారు వానిని కంటితో చూచియు నుండరు. కొనువారు సొమ్ము పంపినపుడు తమ లాభము మినహాయించుకొని, తక్కినది సూరతులోని టోకు వర్తకునకు పంపుదురు. ఆతడు సరకును తిన్నగా కొన్నవారి యింటికే చేర్చును. దీనిని ఆంగ్లమున డ్రాప్‌షిప్పింగు అందురు. మనవారు రీసెల్లింగు అనుచున్నారు. ఇది న్యాయమైన సంపాదనయేనా, లేక మర్యాదగా చేయు మోసమా యని మమ్ము సోదరీమణులు కొందరడిగిరి. ఒకానొకప్పుడు మేమును ఈ పని చేసినవారమే గనుక, మాకు తోచినది వ్రాయుచున్నాము.

నడుమనుండి లాభము తీయుట దోషమని కొందరి వాదము. ఇది మాకు సమ్మతము కాదు. మన పల్లెలలో ధాన్యమునకు, మిరపకాయలకు కమీషను వర్తకులు తరతరములుగా నున్నారు. వారిని ఎవరును దొంగలనలేదు. కొనువానిని అమ్మువానితో కలుపుటయు నొక పనియే. 2015లో బెంగుళూరున స్థాపింపబడిన మీషో సంస్థ తొలుత పెరిగినది ఇట్టి గృహిణుల మూలముననే. పెట్టుబడి లేదు, దుకాణపు అద్దె లేదు, గడప దాటనక్కరలేదు. చేతిలో నాలుగు రూకలాడని స్త్రీకి ఇది చిన్న మేలు కాదు.

అయినను కమీషను వర్తకునకును మనకును ఒక భేదము గలదు. ఆతడు బస్తాలో చేయి పెట్టి మిరపకాయను విరిచి చూచును. మనము పటమును మాత్రము చూతుము. ఆ పటము మనము తీసినదియు కాదు.

ఈ భేద మెంత పెద్దదో మాకు 2021వ సంవత్సరపు శ్రావణ మాసమున తెలియవచ్చినది. అప్పటికి మేమును మా తోడికోడలును కలసి ఏడాదిగా చీరలమ్ముచుంటిమి. మా పైవాటాలోని పెద్దావిడ, కుమార్తె సీమంతమునకని, మేము పంపిన పటములలో నొకదానిని కోరెను. దాని క్రింద "పోచంపల్లి పట్టు" అని యున్నది. వెల 2,400 రూపాయలు. అందు మాకు మిగులునది 300. సీమంతమునకు రెండు దినములు ముందుగా చీర వచ్చినది. పోచంపల్లి నేతలో నూలునకు ముందే రంగులు కట్టి, ఆ పిమ్మట నేయుదురు గనుక చీరకు ఇరువైపులను బొమ్మ యొక్క తీరుననే యుండును. ఈ చీరను తిరుగవేసి చూడగా వెనుకవైపు వెలవెలబోవుచుండెను. అది అచ్చు వేసిన నకిలీ పట్టు.

వర్తకునకు ఫోను చేసితిమి. పటమునకును సరకునకును కొంత తేడా యుండుట వాడుకయేయనియు, తిరిగి తీసికొననియు ఆతడు చెప్పెను. ఆ మాటనే మేము మెట్లెక్కి పెద్దావిడకు చెప్పబోతిమి. ఆమె కోపపడలేదు. "అమ్మాయీ, నిన్ను చూచి డబ్బిచ్చితిని గాని, ఆ సూరతువాని మొగము నే నెరుగుదునా?" అని మాత్రమనెను.

మాకు మారుమాట రాలేదు. "పోచంపల్లి పట్టు" అను మాట వర్తకుడు వ్రాసినదే కాని, దానిని మరల ముప్పదిమందికి పంపినవి మా వ్రేళ్ళే. ఆ సాయంత్రమే 2,400 రూపాయలును ఆమెకు తిరిగి యిచ్చివేసితిమి. వర్తకునికి మేము పంపిన 2,100 రూపాయలు మా చేతినుండి పోయినవి. అనగా ఏడు చీరల లాభము. అంతకన్న కష్టమైన దేమనగా, ఆమె నెల దినములవరకు మా వాకిటిలో కూర్చుండుటకు దిగి రాలేదు.

చట్టమును కొంత తెలిసికొనుట మేలు. సరకును మన యింట నుంచుకొనక అమ్ముట మన దేశమున నేరము కాదు. కాని 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము తప్పుదారి పట్టించు ప్రకటనలను నిషేధించుచున్నది. ఆన్‌లైను అంగళ్ళలో అమ్ము వ్యాపారి, సరకు ప్రకటించిన రీతిగా లేనిచో, తిరిగి తీసికొనుటకుగాని సొమ్ము వాపసిచ్చుటకుగాని నిరాకరింపరాదని 2020 నాటి ఇ-కామర్సు నియమములు చెప్పుచున్నవి. పోచంపల్లి ఇకత్తునకు భౌగోళిక సూచిక రక్షణ కలదు గనుక, అచ్చు చీరకు ఆ పేరు పెట్టి యమ్ముట తప్పు. మోసపోయినవారు 1915 అను సంఖ్యకు ఫోను చేసి జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రమునకు చెప్పుకొనవచ్చును. ఆనాడు ఇవి యేవియు మా కెరుక లేదు.

లాభనష్టములనైన సరిగా లెక్కించువారు తక్కువ. 600 రూపాయల చీరకు 100 రూపాయలు కలిపి పది అమ్మినచో వేయి రూపాయలు వచ్చినవని సంతసింతుము. అందు రెండు తిరిగి వచ్చినచో ఎనిమిదివందలు. ఆ రెంటిలో ఒకదానిని వర్తకుడు పుచ్చుకొననిచో, దాని వెల 600 పోగా మిగులునది రెండువందలు. పటములు పంపుటకును, "రంగు వెలియునా?", "జాకెట్టు గుడ్డ యున్నదా?" అను ప్రశ్నలకు జవాబులిచ్చుటకును పట్టిన కాలమున కేమియు కట్టలేదు.

పెద్దవారికిని ఈ చిక్కు తప్పలేదు. అమెరికాలో 1999లో నిక్ స్విన్‌మర్న్ అనునాయన అంగడిలోని జోళ్ళకు పటములు తీసి ఆన్‌లైనులో పెట్టి, ఎవరైన కోరినపుడు ఆ అంగడిలోనే కొని పంపెను. అదియే తరువాత జపోస్ అను గొప్ప సంస్థ యైనది. అయితే సరకు తమ చేతిలో లేనందున కొనువారికి చెప్పిన మాట నిలుపుకొనలేకపోవుచున్నామని, ఆదాయమున నాలుగవ వంతు ఆ పద్ధతి వలననే వచ్చుచున్నను, 2003లో వారు దానిని విడిచిపెట్టిరి.

ఇక ఈ విద్య నేర్పెదమని వేలకొలది రూపాయలు పుచ్చుకొనువారున్నారు. అంత సులువుగా ధనము వచ్చు త్రోవ తెలిసినవారు దానిని మనకు చెప్పుకొనుచు కూర్చుందురా? ముందు రుసుము కట్టుము, మరి ఇద్దరిని చేర్చుము, వారి రుసుములో నీకు వాటా యని చెప్పువారి దగ్గరకు పోనేకూడదు. అట్టి గొలుసు వ్యవహారములను 1978 నాటి చట్టమే నిషేధించినది.

కావున ఈ వర్తకము న్యాయమా యన్నచో, చీర చెడినపుడు ఆ నష్టమును ఎవరు మోయుచున్నారో చూడవలెనని మా యభిప్రాయము. మోయుటకు సిద్ధమైన స్త్రీ నూరు రూపాయలు తీసికొన్నను తప్పులేదు. సిద్ధముగా లేనిచో పదియును ఎక్కువే.

ఆ పిమ్మట మా తోడికోడలు పద్ధతి మార్చినది. క్రొత్త వర్తకునితో బేరము పెట్టుకొనునపుడు మొదట ఒక చీరను తన యింటికే తెప్పించుకొని, ఉతికి, వెలుతురున పటము తీయును. వాపసు సంగతి ముందే వ్రాతమూలమున అడిగి యుంచును. చీర సూరతునుండి వచ్చునని కొనువారికి దాచదు. లాభము తగ్గినదని చెప్పును. మేము మాత్రము మానుకొంటిమి. మాకు అంత ఓపిక లేదు.

ఆ నకిలీ పట్టుచీర మాత్రము మా యింటనే యున్నది. కుట్టు మిషను పై ముసుగు వేసితిమి. పెద్దావిడ ఇప్పుడు వచ్చి కూర్చున్నపుడు దానిని చూచి నవ్వును.