అమ్మ డెబ్బయ్యో పుట్టినరోజు, కిటికీ లేని గది

2025 జనవరి ఆఖరుకి అమ్మకు డెబ్బై ఏళ్లు నిండాయి. ఏడాదిన్నర ముందే అన్నయ్య హాలు మాట్లాడదామన్నాడు. మూడు వందల మంది, బిర్యానీ, పాటలవాళ్లు. మన చాట్స్‌వర్త్‌లో డెబ్బయ్యో పుట్టినరోజంటే అంతే కదా! అమ్మ టీ కప్పు కింద పెట్టింది.

"మూడు వందల మందికి దండం పెడుతూ నేను కూర్చోలేను నాయనా. ఆ డబ్బుతో నన్ను ఓడ ఎక్కించండి. పెద్ద పక్షిని చూడాలి," అంది.

అన్నయ్య నా వైపు చూశాడు. నేను వదిన వైపు చూశాను. మా ఇంట్లో ఓడ మాట ఎవరూ ఎత్తరు.

దానికి కారణం అమ్మ వాళ్ల అవ్వ. ఆమెది చిత్తూరు వైపు పల్లె. ఏడేళ్ల పిల్లగా మద్రాసులో ఓడ ఎక్కి, డర్బన్ రేవులో దిగింది. ట్రూరో అనే మొదటి ఓడ మద్రాసు నుంచి వచ్చి 1860 నవంబరు 16న ఇక్కడ ఆగిందని మనందరికీ బడిలో చెప్పారు. అప్పటి నుంచి 1911 దాకా 1,52,000 మందికి పైగా కూలి ఒప్పందం మీద వచ్చారు. ఆ చివరి ఏళ్లలో వచ్చినవాళ్లలో అవ్వ ఒకతె. ఆ ప్రయాణం గురించి ఆమె చెప్పింది ఒక్కటే: కింద గదిలో వెలుతురు లేదు. "ఓడ ఎక్కడం మాతోనే అయిపోవాలి. మీరెవరూ ఎక్కకండి," అనేదట. ఒడ్డుకు తీసుకెళ్తే నీళ్లకు వీపు పెట్టి కూర్చునేదట.

అలాంటి అవ్వ కొడుకు, అంటే మా తాత, ఆ నీళ్ల మీదే బతికాడు. ఒడ్డు నుంచి పెద్ద వల వేసి లాగే పని ఆయనది. జూన్, జూలై నెలల్లో సార్డీన్ చేపలు గుంపులుగా మన తీరం వెంట వస్తాయి కదా, అప్పుడు ఇంట్లో పిల్లలందరూ ఒడ్డునే. అమ్మకు అప్పగించిన పని పక్షులను చూడటం. గానెట్ పక్షులు ఎక్కడ నీళ్లలోకి సూటిగా దూకుతుంటే అక్కడ చేప ఉన్నట్టు. అమ్మ కేక వేస్తే తాత వల తీసేవాడు. ఒక చలికాలం, పెద్ద గాలి తగ్గిన పొద్దున, దూరంగా ఒక పక్షి కనబడిందట. ఎంతసేపు చూసినా రెక్క ఆడించలేదట. "అది ఆల్బట్రాస్. దాని ఊరు చాలా దూరం, కింద మంచు దేశం పక్కన," అన్నాడట తాత.

ఆ ఊరు చూడాలని అమ్మ కోరిక. ఆ రోజుల్లో మనవాళ్లకు స్నానానికి కూడా ఒక ముక్క ఒడ్డు మాత్రమే కేటాయించారు. ఇక ఓడలో విహారం ఎక్కడిది?

ముందు మేము అంటార్కిటికా ప్రయాణాల ధరలు చూశాం. అవి అర్జెంటీనాలోని ఉషుయాయా నుంచి బయలుదేరే చిన్న ఓడలు. ధర డాలర్లలో. అక్కడిదాకా విమానం టికెట్లు వేరే. అన్నయ్య కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. అమ్మకు చూపించలేదు.

తర్వాత మా అమ్మాయి ఇంకో దారి కనిపెట్టింది. పక్షుల కోసం పనిచేసే బర్డ్‌లైఫ్ సౌత్ ఆఫ్రికా సంస్థ ఒక మామూలు పెద్ద క్రూజ్ ఓడను మొత్తంగా మాట్లాడి, మారియన్ దీవి వైపు ప్రయాణం పెట్టింది. 2022లో ఒకసారి చేశారు. 2025 జనవరిలో మళ్లీ, అదీ మన డర్బన్ నుంచే. ఏడు రాత్రులు.

ఇది ఎందుకు చవక? ఓడ పెద్దది, ఖర్చు వందలమందికి పంచుతారు. ధర రాండ్లలో. మాలాంటి డర్బన్ వాళ్లకు విమానం ఖర్చు లేదు. తిండి టికెట్లోనే ఉంటుంది. అన్నిటికన్నా ముఖ్యం, దీవి మీద దిగడం లేదు. కాబట్టి చిన్న పడవలు, వాటి మనుషులు, ఆ ఖర్చు ఏమీ ఉండదు.

దిగడం లేదనగానే అన్నయ్య ముఖం మాడింది. "అంత దూరం వెళ్లి దిగకపోతే ఎలా?" అన్నాడు. అమ్మ మాత్రం, "నేను పక్షిని చూస్తానంటే నువ్వు నేల గురించి అడుగుతావేంరా?" అంది.

మారియన్ దీవి, దాని పక్కనున్న ప్రిన్స్ ఎడ్వర్డ్ దీవి రెండూ దక్షిణాఫ్రికావే. ఆఫ్రికా ఒడ్డుకు ఆగ్నేయంగా, అంటే తూర్పుకీ దక్షిణానికీ మధ్య దిక్కులో, సుమారు 2,000 కిలోమీటర్ల దూరం. మారియన్ 290 చదరపు కిలోమీటర్లు. అక్కడ ఊరు లేదు, పరిశోధన చేసేవాళ్ల స్థావరం ఒకటి ఉంది, అంతే. పర్యాటకులను దిగనివ్వరు. అన్నిటికన్నా పెద్ద ఆల్బట్రాస్ జాతి, రెక్కలు చాపితే మూడున్నర మీటర్ల దాకా ఉండేది, అక్కడ గూడు కడుతుంది. రెండేళ్లకు ఒక్క గుడ్డు పెడుతుంది. పిల్ల దాదాపు తొమ్మిది నెలల పాటు గూట్లోనే కూర్చుంటుంది.

ఆ పిల్లలను ఎలుకలు తింటున్నాయి. పందొమ్మిదో శతాబ్దం మొదట్లో సీల్ జంతువులను వేటాడే ఓడల్లో చిట్టెలుకలు వచ్చి దీవి మీద దిగాయి. 1940లలో స్థావరం వాళ్లు ఎలుకల కోసం పిల్లులను తెచ్చారు. పిల్లులు ఎలుకలను వదిలి పక్షులను పట్టాయి. ఆ పిల్లులను పూర్తిగా తీసేసేసరికి 1991 అయింది. ఎలుకలు మిగిలాయి. చలి తగ్గేకొద్దీ వాటి సంఖ్య పెరిగింది. రాత్రిపూట, కదలకుండా కూర్చున్న పక్షి పిల్లను బతికుండగానే కొరుకుతాయి. హెలికాప్టర్లతో దీవి మొత్తం మీద ఎలుకల మందు చల్లాలని ప్రయత్నం జరుగుతోంది. మా ప్రయాణం కూడా దానికి డబ్బు పోగుచెయ్యడానికే. ఇదంతా చదివి వినిపిస్తే అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "పాపం, ఎలుకలు మాత్రం తెలిసి ఎక్కాయా ఓడ?" అంది.

డబ్బు సంగతి చెప్తాను, మీలో ఎవరికైనా పనికొస్తుంది. నెలకు అన్నయ్య వెయ్యి రాండ్లు, నేను వెయ్యి, వద్దన్నా వినకుండా అమ్మ తన పింఛనులోంచి రెండు వందలు. పద్దెనిమిది నెలలు ఒక డబ్బాలో వేశాం. ఒకే గదిలో ముగ్గురం ఉంటే మూడో మనిషికి తక్కువ పడింది. అందుకే మా అమ్మాయి కూడా వచ్చింది. బడి తెరిచి ఎన్నో రోజులు కాలేదు, ఉపాధ్యాయురాలికి ఉత్తరం రాసి ఒప్పించాను. చలికోట్లు కొనలేదు, అరువు తెచ్చాం. దుర్భిణి కూడా అరువే. ఎనిమిది రెట్లు చూపించేది చాలు, కదిలే ఓడ మీద పది రెట్లది చేతిలో నిలవదు. కక్కు రాకుండా మాత్ర ఓడ కదలకముందే వేసుకోవాలి. వచ్చాక వేసుకుంటే లాభం లేదు. ఓడ లోపల కాఫీ, ఇంటర్నెట్, ఇవన్నీ వేరే లెక్క. ఆ లెక్క మేము మొదలుపెట్టనే లేదు. ఆవకాయ సీసా తీసుకెళ్లాం. అది ఎవరి సలహా అవసరం లేని విషయం.

మిగిలింది గది. బాల్కనీ ఉన్నది మా డబ్బాకు అందదు. కిటికీ ఉన్నదానికీ లేనిదానికీ కూడా చాలా తేడా. నాలుగు రోజులు ఆ కాగితం నా దగ్గరే ఉంచుకున్నాను. అవ్వ మాట గుర్తొచ్చేది. డెబ్బయ్యో పుట్టినరోజుకి అమ్మను తీసుకెళ్లి, వెలుతురు రాని గదిలో పడుకోబెట్టాలా? అప్పు చేద్దామని అన్నయ్యతో అన్నాను. మా గుసగుసలు అమ్మ వినేసింది.

"కిటికీ లేనిది తీసుకోండి," అంది.

"అమ్మా, అవ్వ చెప్పింది కదా..."

"అవ్వను పైకి రానివ్వలేదు. నాకు తలుపు ఉంది, మెట్లున్నాయి. పడుకోడానికి కిటికీ ఎందుకు?"

మధ్యలో, కింద అంతస్తులో గది తీసుకున్నాం. అక్కడ ఊగడం తక్కువ.

ఓడ రేవు దాటేటప్పుడు అమ్మ పై అంతస్తులో కడ్డీ పట్టుకుని నిలబడింది. ఊరు కనబడనంత వరకూ వెనక్కే చూసింది. ఒక్క మాట అనలేదు. నేనూ అడగలేదు.

రెండో రోజు మా అమ్మాయి మంచం దిగలేదు. నేను సగం పూట దిగలేదు. అమ్మకు ఏమీ కాలేదు. ఓడ నిండా ఖరీదైన కెమెరాలు, పుస్తకాలు, ప్రతి పక్షికీ పేరు చెప్పే మనుషులు. అమ్మ ఆ పేర్లు పట్టించుకోలేదు. పక్షి ఎగిరే తీరు చూసేది, దాని కింద నీళ్లను చూసేది.

దక్షిణానికి వెళ్లేకొద్దీ వేసవి పగలు పెరుగుతుంది. పుట్టినరోజు నాడు నాకు మెలకువ వచ్చేసరికి గదిలో చీకటి. కిటికీ లేదు కాబట్టి ఎప్పుడూ చీకటే. చెయ్యి చాపితే అమ్మ మంచం ఖాళీ. గడియారం నాలుగున్నర. ఒక కాలికి చెప్పు, ఒక కాలికి లేదు, అలాగే మెట్లెక్కి పరుగెత్తాను.

బయట తెల్లగా వెలుతురు వచ్చేసింది. చలి ముఖాన్ని కోస్తోంది. ముప్పై నలభై మంది వరుసగా కడ్డీ దగ్గర నిలబడ్డారు. వాళ్ల మధ్యలో అన్నయ్య కోటు వేసుకుని, తలకు శాలువా చుట్టుకుని అమ్మ. ఎవరో ఆమెకు కుర్చీ ఇచ్చారు, ఆమె కూర్చోలేదు.

అది ఓడ వెనకాలే ఉంది. దుర్భిణి అక్కర్లేదు. అల మీదకు వంగి, ఒక రెక్క కొన నీటికి తగిలేంత కిందికి దిగి, మళ్లీ పైకి లేచి, మా తలల ఎత్తున పక్కగా వెళ్లింది. రెక్క ఆడించలేదు. రెక్క ఎముక దగ్గర దానికి తాళం లాంటి ఏర్పాటు ఉందట, చాపిన రెక్కను కండ బలం లేకుండా అలాగే పట్టి ఉంచుతుందట. పక్కనున్న పెద్దాయన ఇంగ్లీషులో చెప్తున్నాడు. అమ్మ వినడం లేదు. పెదవులు కదులుతున్నాయి. దగ్గరికి వెళ్తే తెలిసింది, లెక్కపెడుతోంది.

"ఏం లెక్కమ్మా?"

"రెక్క ఎప్పుడు ఆడిస్తుందోనని. రెండు వందల దాకా వచ్చాను, నువ్వు వచ్చి చెడగొట్టావు."

అదే మొదలు, ఆ రోజు చీకటి పడేదాకా పక్షులు వస్తూనే ఉన్నాయి. రాత్రి భోజనం దగ్గర మా బల్ల మీదివాళ్లు పాట పాడారు, కేకు తెప్పించారు. అమ్మ ఒక ముక్క తిని, ఇంకో ముక్కను కాగితంలో చుట్టి కోటు జేబులో పెట్టుకుంది. రేపు పొద్దున నాలుగింటికి పైన ఆకలేస్తుందట.